ప్యూకెస్టాస్ – పర్సిస్ క్షాత్రపుడు

ప్యూకెస్టాస్ క్రీస్తుపూర్వం నాలుగో శతాబ్దికి చెందిన మాసిడోనియా సేనాని, రాష్ట్రపాలకుడు. పంజాబులో మాలవుల కోట లోపల బాణం దెబ్బ తిని కూలిన అలెగ్జాండర్‌కు తన డాలు అడ్డుపెట్టి ప్రాణం నిలిపినవాడిగా అతని పేరు నిలిచింది. కానీ చరిత్ర చదివేవాళ్లకు అంతకన్నా ముఖ్యమైనది ఆ తరవాతి కథ. క్రీ.పూ. 324 నుంచి 316 వరకు, సుమారు ఎనిమిదేళ్లు, అతను పర్సిస్‌ను ఏలాడు. ఈనాటి ఇరాన్‌లో ఫార్స్ అని పిలిచే ప్రాంతమే పర్సిస్. ఓడిపోయిన జనం భాష నేర్చుకుని, వాళ్ల దుస్తులు ధరించి, వాళ్ల పద్ధతిలోనే పాలన సాగించిన మాసిడోనియన్ అతనొక్కడే అని క్రీ.శ. రెండో శతాబ్దపు చరిత్రకారుడు అరియన్ రాశాడు. ఆ పనితో సంపాదించుకున్న ప్రజాభిమానం అతనికి పెద్ద బలమైంది. చివరికి పదవి పోవడానికీ ఆ అభిమానమే కారణమైంది.

క్షాత్రపుడు అనే మాట పారశీకులదే. పాత పారశీకంలో దానికి రాజ్యాన్ని కాపాడేవాడని అర్థం. గ్రీకుల నోట అది సత్రపేస్ అయింది. తరవాతి శతాబ్దాల్లో శకులతో పాటు ఆ మాట మన దేశానికీ వచ్చింది. శాతవాహనులతో తరాల తరబడి పోరాడిన పశ్చిమ క్షాత్రపుల బిరుదు అదే. అకమెనీద్ చక్రవర్తుల కాలంలో క్షాత్రపుడంటే ఒక రాష్ట్రానికి చిన్న రాజు లాంటివాడు. పన్నులు వసూలు చేయడం, తగవులు తీర్చడం, దారులను భద్రంగా ఉంచడం, చక్రవర్తి పిలిచినప్పుడు సైన్యం తీసుకుని వెళ్లడం అతని పనులు. అలెగ్జాండర్ ఈ ఏర్పాటును కూలదోయలేదు. చాలాచోట్ల పారశీక కులీనులనే క్షాత్రపులుగా ఉంచి, సైన్యాన్నీ ఖజానానూ మాత్రం మాసిడోనియన్ల చేతుల్లో పెట్టాడు. పర్సిస్‌కు అతను మొదట నియమించిన ఫ్రసఓర్టేస్ కూడా పారశీకుడే.

పుట్టుక, తొలి జీవితం

ప్యూకెస్టాస్ తండ్రి పేరు కూడా అలెగ్జాండరే, కానీ రాజుకూ ఆయనకూ సంబంధం లేదు. సొంత ఊరు మాసిడోనియాలోని మియెజా. బాల్యంలో అలెగ్జాండర్‌కు అరిస్టాటిల్ చదువు చెప్పింది ఆ ఊరి వనదేవతల గుడి దగ్గరే. ప్యూకెస్టాస్‌కు అమింటాస్ అనే తమ్ముడో అన్నో ఉండేవాడు. అలెగ్జాండర్ పోయిన తరవాత గద్దెనెక్కిన ఫిలిప్ అరిడయస్‌కు అతను అంగరక్షకుడయ్యాడు.

అదే పేరున్న మరొకడితో మన ప్యూకెస్టాస్‌ను కలిపేయకూడదు. క్రీ.పూ. 331లో ఈజిప్టులో కాపలా సేనకు అధిపతిగా అలెగ్జాండర్ నిలిపిన ప్యూకెస్టాస్ మకర్టటోస్ కొడుకు. ఒక పూజారి గదిలోకి ఎవరూ వెళ్లవద్దని తన సైనికులకు ఆ సేనాని ఇచ్చిన ఆజ్ఞ ఉన్న పపైరస్ ముక్క సక్కారాలో దొరికింది. ఈజిప్టులో దొరికిన గ్రీకు రాతల్లో అతి పాతవాటిలో అదొకటి.

మియెజా ప్యూకెస్టాస్ పేరు చరిత్రలో మొదట వినిపించేది మన ఉపఖండంలోనే. క్రీ.పూ. 326లో పురుషోత్తముడితో యుద్ధం ముగిశాక, బియాస్ నది దగ్గర సైనికులు ఇక ముందుకు రామన్నాక, అలెగ్జాండర్ జీలం నదిలో పడవల దండు కట్టించి దక్షిణంగా సముద్రం వైపు కదిలాడు. ఆ ఓడలను సిద్ధం చేసే బాధ్యత, గౌరవం కొందరు ప్రముఖులకు దక్కాయి. ఏథెన్సులో ధనవంతులు యుద్ధనౌకల ఖర్చు భరించే ఆచారాన్ని పోలిన ఏర్పాటు అది. ఆ ప్రముఖుల జాబితాలో ప్యూకెస్టాస్ పేరుంది. అంటే అప్పటికే అతను ఉన్నవాడూ, రాజుకు దగ్గరివాడూ అయి ఉండాలి.

మాలవుల కోట

క్రీ.పూ. 325 తొలి నెలల్లో రావి, చీనాబ్ నదుల నడుమ నేలలో మాలవులతో అలెగ్జాండర్ కఠినమైన పోరు సాగించాడు. గ్రీకులు వీళ్లను మల్లోయి అన్నారు. వాళ్ల ప్రధాన కోటను చాలామంది ఈనాటి ముల్తాన్‌గానో, దాని చుట్టుపక్కల చోటుగానో గుర్తిస్తారు. గోడ ఎక్కడానికి నిచ్చెనలు తేవడంలో సైనికులు తాత్సారం చేస్తున్నారని విసిగిన రాజు ఒకడి చేతిలోని నిచ్చెన లాక్కుని తానే ముందు ఎక్కాడు. వెనకే పవిత్ర డాలు పట్టుకుని ప్యూకెస్టాస్, ఆ వెనక రాజు అంగరక్షకుడు లియొన్నాటస్ ఎక్కారు. రెట్టింపు జీతం అందుకునే అబ్రేయాస్ అనే సైనికుడు మరో నిచ్చెన మీదుగా పైకి చేరాడు. ఆ డాలు ట్రాయ్ దగ్గరి ఎథీనా గుడిలోది. క్రీ.పూ. 334లో ఆసియాలో అడుగుపెట్టగానే అలెగ్జాండర్ తన ఆయుధాలను ఆ గుడిలో సమర్పించి, ట్రోజన్ యుద్ధ కాలం నాటివని చెప్పే ఆయుధాలు కొన్ని అక్కడి నుంచి తీసుకున్నాడు. యుద్ధాల్లో వాటిని అతని ముందు మోసుకెళ్లేవాళ్లు.

తొందరలో ఒకేసారి ఎక్కబోయిన సైనికుల బరువుకు నిచ్చెనలు విరిగిపోయాయి. గోడ మీద నిలబడి బాణాలకు గురి కావడం కన్నా మేలని అలెగ్జాండర్ కోట లోపలికే దూకాడు. మిగతా ముగ్గురూ దూకారు. అబ్రేయాస్ ముఖానికి బాణం తగిలి అక్కడే చనిపోయాడు. మరో బాణం అలెగ్జాండర్ కవచాన్ని చీల్చుకుని రొమ్ములో దిగింది. గాయంలోంచి నెత్తురుతో పాటు ఊపిరి కూడా బయటికొచ్చిందని అలెగ్జాండర్ సేనాని టాలెమీ రాసినట్టు అరియన్ చెబుతాడు. రాజు తన డాలు మీదికి ఒరిగిపోయాడు. ప్యూకెస్టాస్ ఒకవైపు పవిత్ర డాలు అడ్డుపెట్టి, లియొన్నాటస్ మరోవైపు నిలబడి, బయటివాళ్లు గోడలో మేకులు కొట్టుకుని, ఒకరి భుజాలమీద ఒకరు ఎక్కి లోపలికి వచ్చేదాకా కాచారు. ఇద్దరికీ దెబ్బలు తగిలాయి. రాజు చనిపోయాడనుకున్న సైనికులు కోపంతో ఆ కోటలో ఆడవాళ్లనూ పిల్లలనూ కూడా వదలకుండా నరికారు. ఈ వీరగాథ చెప్పుకునేటప్పుడు ఆ మాట దాటవేయడం న్యాయం కాదు.

రాజు పక్కన ఆ రోజు ఎవరెవరున్నారన్న దానిమీద పాత రచయితలకే పొత్తు కుదరదు. ప్లూటార్క్ ప్యూకెస్టాస్‌తో పాటు లిమ్నయోస్ పేరు చెబుతాడు. రోమన్ రచయిత కర్టియస్ ఇంకొన్ని పేర్లు కలిపాడు. టాలెమీ కూడా అక్కడే ఉన్నాడని కొందరు రాశారు, కానీ తాను ఆ సమయంలో వేరేచోట పోరాడుతున్నానని టాలెమీయే తన గ్రంథంలో చెప్పుకున్నాడు. ఇంత గందరగోళంలోనూ ప్యూకెస్టాస్ గురించి మాత్రం అందరిదీ ఒకే మాట అని అరియన్ ప్రత్యేకంగా గుర్తుచేశాడు.

పర్సిస్‌కు పాలకుడు

గెడ్రోసియా ఎడారి దాటి కర్మానియా చేరాక అలెగ్జాండర్ ప్యూకెస్టాస్‌ను తన అంగరక్షకుడిగా చేసుకున్నాడు. అంగరక్షకులంటే గుడారం ముందు కాపలా ఉండేవాళ్లు కారు. రాజు ఆంతరంగిక సలహాదారులు, సేనాపతుల్లో అగ్రగణ్యులు వాళ్లు. అంతవరకు వాళ్లు ఏడుగురే. అప్పటికి లియొన్నాటస్, హెఫయెస్టియన్, లైసిమకస్, అరిస్టోనూస్, పెర్డికస్, టాలెమీ, పైథాన్ ఆ ఏడు స్థానాల్లో ఉన్నారు. ప్యూకెస్టాస్ కోసం ఎనిమిదో స్థానం సృష్టించారు. పర్సిస్‌కు పంపాలని రాజు అప్పటికే అనుకున్నా, పంపేముందు ఈ గౌరవం కూడా దక్కాలని కోరుకున్నాడని అరియన్ చెబుతాడు.

పర్సిస్ అప్పుడు అస్తవ్యస్తంగా ఉంది. అలెగ్జాండర్ భారతదేశంలో ఉండగా ఫ్రసఓర్టేస్ జబ్బుతో చనిపోయాడు. ఓర్క్సినేస్ అనే పారశీక కులీనుడు ఎవరూ నియమించకుండానే ఆ పదవిలో కూర్చున్నాడు. క్రీ.పూ. 324 ఆరంభంలో అలెగ్జాండర్ పసర్‌గాడే చేరేసరికి మహా చక్రవర్తి సైరస్ సమాధిని దొంగలు దోచేశారు. దాన్ని బాగుచేసే పని తన వెంట ఉన్న అరిస్టోబులస్‌కు అప్పగించాడు. గుళ్లనూ రాజుల సమాధులనూ కొల్లగొట్టాడని, ఎందరో పారశీకులను అన్యాయంగా చంపాడని ఓర్క్సినేస్ మీద నేరాలు మోపి ఉరితీశారు. ఇందులో ఓర్క్సినేస్ తప్పేమీ లేదని, రాజుకు ప్రియుడైన బగోవాస్ అనే నపుంసకుడు పగబట్టి చెప్పిన చాడీలే కారణమని కర్టియస్ వేరే కథ చెబుతాడు.

ఖాళీ అయిన ఆ స్థానానికి ప్యూకెస్టాస్ వచ్చాడు. పర్సిస్ మామూలు రాష్ట్రం కాదు. సైరస్, దారయస్ వంశానికి పుట్టిల్లు అదే. ఆ వంశపు రాజధాని పర్సెపొలిస్ మహళ్లను క్రీ.పూ. 330లో అలెగ్జాండర్ సేనే తగలబెట్టింది. ఆ బూడిద మధ్య, పరువు పోగొట్టుకున్న ఒక పాలక జాతిని పరాయివాడు ఏలాలి. ఈ పనికి ప్యూకెస్టాస్ ఎన్నుకున్న దారి చాలా సూటిది. నియామకం కాగానే అతను మీడియన్ దుస్తులు వేసుకున్నాడు, పారశీక భాష నేర్చుకున్నాడు, అన్ని వ్యవహారాలూ వాళ్ల మర్యాద ప్రకారమే నడిపాడు. అలెగ్జాండర్ మెచ్చుకున్నాడు, పారశీకులు సంతోషించారు. పారశీక దుస్తులు ధరించడానికి మాసిడోనియన్లలో అతనికొక్కడికే రాజు అనుమతి ఇచ్చాడని, అతని ద్వారా ఆ జాతినంతటినీ విధేయంగా ఉంచుకోవచ్చని తలచాడని క్రీ.పూ. మొదటి శతాబ్దపు సిసిలీ చరిత్రకారుడు డియోడొరస్ రాశాడు.

మాసిడోనియన్లలో మాత్రం ఇది మంట పుట్టించింది. ఆ ఏడాది వసంతంలో సూసాలో ఎనభై మందికి పైగా మాసిడోనియన్ ప్రముఖులకు పారశీక స్త్రీలతో పెళ్లిళ్లు జరిగాయి. పారశీక యువకులను మాసిడోనియన్ ఆయుధాలతో తీర్చిదిద్దారు. సైనికులను నొప్పించిన సంగతుల జాబితాలో అరియన్ వీటితో పాటు ప్యూకెస్టాస్ వేషభాషలను కూడా చేర్చాడు. అదే సూసాలో రాజు బంగారు కిరీటాలు పంచినప్పుడు మొదటి కిరీటం దక్కింది ప్యూకెస్టాస్‌కే. లియొన్నాటస్, సముద్రయానం చేసొచ్చిన నియర్కస్, ఆ తరవాతే హెఫయెస్టియన్, మిగతా అంగరక్షకులు.

రాజుకు అతని మీదున్న ప్రేమను చూపే రెండు చిన్న సంగతులను ప్లూటార్క్ కాపాడాడు. వేటలో ఎలుగుబంటి కరిచిన వార్తను ప్యూకెస్టాస్ ఇతర మిత్రులకు రాసి, రాజుకు మాత్రం రాయలేదు. అలెగ్జాండర్ నొచ్చుకుని, ఇప్పుడెలా ఉందో రాయమని, ఆ వేటలో వదిలేసి పారిపోయినవాళ్లెవరైనా ఉంటే శిక్షిస్తానని ఉత్తరం పంపాడు. మరోసారి అతను జబ్బునుంచి కోలుకున్నప్పుడు వైద్యుడు అలెక్సిప్పోస్‌కు రాజు కృతజ్ఞతలు తెలిపాడు. చక్రవర్తి వేరే పనుల నడుమ ఇలాంటి వాటికి తీరిక చేసుకోవడం ప్లూటార్క్‌కు ఆశ్చర్యం కలిగించింది.

బాబిలోన్‌లో చివరి రోజులు

క్రీ.పూ. 323లో ప్యూకెస్టాస్ సుమారు 20,000 మంది పారశీక సైనికులతో బాబిలోన్ చేరాడు. కొసయులు, తపూరులు అనే కొండజాతుల యోధులు కూడా వెంట వచ్చారు. ప్యూకెస్టాస్ చెప్పిన ప్రతి మాటా పాటిస్తున్నందుకు అలెగ్జాండర్ ఆ పారశీకులను మెచ్చుకున్నాడు, వాళ్లను క్రమశిక్షణతో నడిపినందుకు అతన్నీ అభినందించాడు. పాలన మొదలై అప్పటికి ఏడాదిన్నర కూడా కాలేదు.

ఆ సైనికులను ఏం చేశారన్నది సైనిక చరిత్రలోనే అరుదైన ప్రయోగం. మాసిడోనియా పదాతి దళంలోని ఒక్కో వరసలో పదహారుగురుంటారు. కొత్త ఏర్పాటులో ప్రతి వరసకూ నలుగురు మాసిడోనియన్లు, పన్నెండుగురు పారశీకులు. ముందు మాసిడోనియన్ దళనాయకుడు, అతని వెనక రెట్టింపు జీతగాడొకడు, ఆ వెనక మరో అనుభవజ్ఞుడు, తరవాత పారశీకులు, చివర కాపుగా నాలుగో మాసిడోనియన్. మాసిడోనియన్లకు తమ ఆయుధాలే ఉంటాయి, పారశీకులకు విల్లులూ ఈటెలూ. రెండు జాతులను ఒకే వరసలో కలిపిన ఈ దళం యుద్ధం చూడకముందే, ఆ జూన్‌లో అలెగ్జాండర్ జ్వరంతో మరణించాడు. అంతకుముందు, జ్వరంలో ఉన్న రాజును దేవుడి సన్నిధికి తేవచ్చా అని అడుగుతూ సెరాపిస్ గుడిలో నిద్ర చేసినవాళ్లలో పైథాన్, సెల్యూకస్‌లతో పాటు ప్యూకెస్టాస్ కూడా ఉన్నాడని రాజు దినచర్య పుస్తకాల ఆధారంగా అరియన్ చెబుతాడు.

ఎగువ రాష్ట్రాల నాయకుడు

బాబిలోన్‌లో సేనాపతులు రాష్ట్రాలు పంచుకున్నప్పుడు పర్సిస్ ప్యూకెస్టాస్‌కే మిగిలింది. రాజప్రతినిధి పెర్డికస్ హత్య తరవాత ట్రిపరాడెయిసోస్‌లో మళ్లీ పంపకాలు జరిగాయి. అప్పుడూ అతన్ని కదిలించలేదు. పడమట యుద్ధాలు సాగుతున్న ఆ ఏళ్లలో అతను తన రాష్ట్రంలోనే ఉండిపోయాడు.

ఆ నిశ్శబ్దాన్ని మీడియా క్షాత్రపుడు పైథాన్ చెరిపాడు. ఎగువ రాష్ట్రాలని పిలిచే తూర్పు రాష్ట్రాలన్నిటికీ తానే అధిపతినంటూ పార్థియా క్షాత్రపుణ్ణి చంపి, తన తమ్ముడు యూడమస్‌ను అక్కడ కూర్చోబెట్టాడు. తమకూ అదే గతి పడుతుందని భయపడిన తూర్పు క్షాత్రపులు ఒక్కటయ్యారు. పైథాన్‌ను ఓడించి పార్థియా నుంచి తరిమారు. ఈ కూటమికి ప్యూకెస్టాస్ నాయకుడయ్యాడు.

క్రీ.పూ. 317లో రాజవంశం పక్షాన పోరాడుతున్న యూమెనేస్ వెండి డాళ్ల దళాన్ని వెంటబెట్టుకుని తూర్పుకు వచ్చాడు. యూమెనేస్ అలెగ్జాండర్‌కు కార్యదర్శిగా పనిచేసిన గ్రీకువాడు. వెండి డాళ్ల దళం అలెగ్జాండర్ కింద పోరాడి నెరిసిన మాసిడోనియన్ యోధులది. వెనకనుంచి అతని శత్రువు, మాసిడోనియన్ సేనాని ఆంటిగోనస్ తరుముకొస్తున్నాడు. సూసా ప్రాంతంలో క్షాత్రపుల సేనలు యూమెనేస్‌తో కలిశాయి. అందులో ప్యూకెస్టాస్ తెచ్చినదే పెద్దది. 10,000 మంది పారశీక విలుకాళ్లు, ఒడిసెల వేసేవాళ్లు, మాసిడోనియన్ పద్ధతిలో ఆయుధాలు పట్టిన 3,000 మంది, 600 గ్రీకు, థ్రేసియన్ గుర్రపు రౌతులు, 400కు పైగా పారశీక రౌతులు. అదే సమావేశానికి భారతదేశం నుంచి మరో యూడమస్ 120 ఏనుగులతో వచ్చాడు. పురుషోత్తముణ్ణి మోసంతో చంపి సంపాదించిన ఏనుగులు అవి. జీలం ఒడ్డున అలెగ్జాండర్‌తో ధీరంగా నిలిచిన రాజు ముగింపు గురించి మనకు తెలిసిన మాట అదే.

ఎక్కువ సైన్యం తనది, అలెగ్జాండర్ దగ్గర పెద్ద హోదా తనది కనుక సర్వసేనాని పదవి తనకే రావాలని ప్యూకెస్టాస్ వాదించాడు. ఎన్నుకునే హక్కు మాసిడోనియన్లదేనని వెండి డాళ్ల నాయకుడు ఆంటిగెనేస్ అడ్డు చెప్పాడు. యూమెనేస్ ఈ చిక్కును తనదైన తీరులో విప్పాడు. చనిపోయిన అలెగ్జాండర్‌కు ఒక గుడారం వేయించి, అందులో సింహాసనం పెట్టించి, సమావేశాలన్నీ ఆ సింహాసనం ముందే జరిపించాడు. ఎవరూ ఎవరి కిందా లేరన్న భ్రమ నిలిచింది. అయితే అలెగ్జాండర్ వారసులైన రాజుల పేర వచ్చిన ఉత్తరువు వల్ల సూసా ఖజానా తాళాలు యూమెనేస్ చేతిలోనే ఉన్నాయి.

ఆంటిగోనస్‌ను పసిటిగ్రిస్ నది దగ్గర ఆపడానికి ఇంకా 10,000 మంది విలుకాళ్లను రప్పించమని యూమెనేస్ కోరినప్పుడు, సేనాని పదవి దక్కలేదన్న అక్కసుతో ప్యూకెస్టాస్ మొదట పట్టించుకోలేదు. ఆంటిగోనస్ గెలిస్తే రాష్ట్రమూ ప్రాణమూ రెండూ పోతాయని తెలిసి, చివరికి కబురు పంపాడు. ఆ కబురు వెళ్లిన తీరు డియోడొరస్‌ను అబ్బురపరిచింది. కొన్ని ఊళ్లు ముప్పై రోజుల ప్రయాణదూరంలో ఉన్నా, ఆజ్ఞ అదే రోజు అక్కడికి చేరింది. పర్సిస్ అంతా కొండలూ లోయలూ. కొండ శిఖరాల మీద గట్టి గొంతున్న కావలివాళ్లు నిలబడి, ఒకరి కేక మరొకరు అందుకుని పొలిమేర దాకా పంపేవాళ్లు. పారశీకులు కట్టుకున్న పాత వ్యవస్థ అది. దాన్ని చెడగొట్టకుండా నడుపుకున్నందుకే ఆ రోజు పనికొచ్చింది.

పర్సెపొలిస్ విందు

ఆంటిగోనస్ కోప్రటేస్ నది దగ్గర దెబ్బ తిని మీడియాకు మళ్లాక ఏ దిక్కుకు వెళ్లాలన్న తగవు పుట్టింది. యూమెనేస్, ఆంటిగెనేస్ పడమటి తీరానికి తిరిగిపోదామన్నారు. తూర్పు క్షాత్రపులు తమ రాష్ట్రాలను వదలబోమన్నారు. సైన్యం చీలిపోకుండా యూమెనేస్ లొంగాడు. అందరూ 24 రోజులు నడిచి పర్సెపొలిస్ చేరారు. ఆ దారి మొదట ఎండ మండే పల్లపు నేల, తరవాత చల్లని, నీళ్లు పారే, పళ్లతోటలున్న ఎత్తుప్రదేశం. దారిపొడవునా ప్యూకెస్టాస్ సైనికులకు పశువులను పంచిపెట్టాడు.

పర్సెపొలిస్‌లో దేవతలకూ, అలెగ్జాండర్‌కూ, అతని తండ్రి ఫిలిప్‌కూ బలులిచ్చి అతను చేసిన విందును డియోడొరస్ కళ్లకు కట్టినట్టు వర్ణించాడు. నడుమ దేవతల, రాజుల బలిపీఠాలు. చుట్టూ ఒకదానిలో ఒకటి నాలుగు వలయాలు. అన్నిటికన్నా బయటిది చుట్టుకొలతలో పది స్టేడియాలు, అంటే ఇంచుమించు 1.8 కిలోమీటర్లు, అందులో కూలి సైనికులు, మిత్ర సేనలు. ఎనిమిది స్టేడియాల రెండో వలయంలో వెండి డాళ్లవాళ్లు, అలెగ్జాండర్‌తో కలిసి పోరాడిన పాతవాళ్లు. నాలుగు స్టేడియాల మూడో దానిలో రెండో శ్రేణి అధికారులు, రౌతులు. లోపలి రెండు స్టేడియాల వలయంలో సేనాపతులు, అశ్వదళ నాయకులు, వాళ్లతో సమానంగా అత్యంత గౌరవనీయులైన పారశీకులు. ఆకులు పరిచి, పైన తివాచీలు, రకరకాల గుడ్డలు వేసిన ఆసనాల మీద అందరూ కూర్చున్నారు. మిత్ర సేనలను అంచుకు పెట్టి, పారశీక పెద్దలను మాత్రం కేంద్రంలో సేనాపతుల పక్కన కూర్చోబెట్టిన ఆ అమరికలోనే ప్యూకెస్టాస్ రాజనీతి అంతా ఉంది. ఓపిస్‌లో క్రీ.పూ. 324లో అలెగ్జాండర్ ఇచ్చిన రాజీ విందును గుర్తున్నవాళ్లు ఆ వలయాల్లో చాలామందే ఉండి ఉంటారు.

సైనికుల మనసులు ప్యూకెస్టాస్ వైపు తిరగడం యూమెనేస్ గమనించాడు. ఆర్మేనియా క్షాత్రపుడు ఓరొంటేస్ ప్యూకెస్టాస్‌కు మిత్రుడు. అతని పేరుతో సిరియన్ లిపిలో ఒక దొంగ ఉత్తరం పుట్టించాడు. అలెగ్జాండర్ తల్లి ఒలింపియాస్ తన శత్రువు కసాండర్‌ను చంపి మాసిడోనియాను చేజిక్కించుకుందని, ఆమె పక్షాన ఉన్న పోలిపెర్కోన్ గొప్ప సేనతో, ఏనుగులతో ఆసియాకు దాటాడని అందులో ఉంది. అదంతా అబద్ధం. సహాయం వస్తోందని నమ్మిన సైన్యం యూమెనేస్‌కే తల ఒగ్గింది. ప్యూకెస్టాస్‌కు ఆప్తుడైన అరకోసియా క్షాత్రపుడు సిబిర్టియస్‌ను విచారణకు పిలిచి భయపెడితే, అతను పారిపోయాడు. కొద్ది రోజులకు శత్రువు ఎదురైనప్పుడు, జబ్బుపడ్డ యూమెనేస్‌ను పల్లకీలో తెస్తేనే పోరాడతామని మాసిడోనియన్లు డాళ్లు నేలమీద పెట్టి నిలబడ్డారని ప్లూటార్క్ రాశాడు. విందు పెట్టినవాడి మీద ఇష్టం ఉంటుంది, ప్రాణం మీదికి వచ్చినప్పుడు నమ్మకం వేరేవాడి మీద ఉంటుంది. ప్యూకెస్టాస్ ఈ తేడాను గుర్తించలేకపోయాడు.

పరైటకేనే, గబియేనే

ఆ ఏడాది చలికాలానికి ముందు ఇరాన్ పీఠభూమిలో, పరైటకేనే దగ్గర, యూమెనేస్ 35,000 పదాతి, 6,100 రౌతులు, 114 ఏనుగులతో ఆంటిగోనస్‌ను ఎదుర్కొన్నాడు. ప్యూకెస్టాస్ కుడి భాగంలో అశ్వదళంతో ఉన్నాడు. నష్టం ఆంటిగోనస్‌కే ఎక్కువైనా, ఎవరూ తేల్చి గెలవలేదు.

తరవాత సేనలు గబియేనే ప్రాంతంలో విడివిడిగా విడిది చేశాయి. ఆంటిగోనస్ చలికాలంలో నీళ్లులేని ఎడారి మీదుగా అడ్డదారిన వస్తున్నాడని తెలియగానే ప్యూకెస్టాస్ హడలిపోయి దూరంగా వెనక్కి పోదామన్నాడు. యూమెనేస్ కొండల మీద మంటలు వేయించి, అక్కడ పెద్ద సేన ఉందన్న భ్రమ కల్పించి, ఆంటిగోనస్‌ను నెమ్మదింపజేశాడు. క్రీ.పూ. 316 ఆరంభంలో ఉప్పునేల మీద అసలు యుద్ధం జరిగింది. గుర్రాల డెక్కలకు లేచిన దుమ్ములో ఏదీ కనిపించలేదు. ఆంటిగోనస్ దూసుకురాగానే ప్యూకెస్టాస్ తన రౌతులతో పక్కకు తప్పుకున్నాడు, మరో 1,500 మంది అతని వెంట వెళ్లారు. అదే దుమ్ములో ఆంటిగోనస్ రౌతులు చుట్టి వెళ్లి వెండి డాళ్లవాళ్ల సామాను, పెళ్లాలు, పిల్లలు ఉన్న విడిదిని పట్టుకున్నారు. పదాతి యుద్ధాన్ని మాత్రం ఆ ముసలి యోధులు గెలిచేశారు. మళ్లీ రౌతులను కూడగట్టి పోరాడదామని యూమెనేస్ కబురంపితే, ప్యూకెస్టాస్ రానన్నాడు, ఇంకా దూరం వెళ్లిపోయాడు. తమ కుటుంబాలను తిరిగి ఇస్తానని ఆంటిగోనస్ చెప్పగానే వెండి డాళ్లవాళ్లు యూమెనేస్‌నే కట్టేసి అతనికి అప్పగించారు.

ఈ కథంతా ప్యూకెస్టాస్‌ను పిరికివాడిగా, అహంకారిగా చూపిస్తుంది. చదివేటప్పుడు ఒక సంగతి మరవకూడదు. డియోడొరస్‌కు ఇక్కడ ఆధారం కార్డియాకు చెందిన హియెరోనిమస్. అతను యూమెనేస్ ఊరివాడే, స్నేహితుడు. గబియేనేలో స్వయంగా గాయపడి పట్టుబడ్డాడు. తన మిత్రుడి ఓటమికి బాధ్యుడిగా తోచినవాడి మీద అతనికి జాలి ఉండకపోవడం సహజమే. అయినా, యుద్ధరంగంలోంచి తప్పుకోవడమనే సంఘటనను కల్పితమని కొట్టేయడానికి ఆధారం లేదు. మాలవుల కోటలో రాజు మీద పడే బాణాలను డాలుతో ఆపినవాడు, తొమ్మిదేళ్ల తరవాత ఆ దుమ్ములో నిలబడలేకపోయాడు. యూమెనేస్ కోసం చావడానికి అతనికి కారణం కనిపించలేదు, పర్సిస్‌ను నిలుపుకోవడానికి మాత్రం చాలా కారణాలు కనిపించాయి.

పదవి పోవడం

ఆంటిగోనస్ యూమెనేస్‌ను చంపించాడు. ఆంటిగెనేస్‌ను గోతిలో పడేసి సజీవంగా కాల్పించాడు. ఏనుగుల యూడమస్‌కూ మరణమే దక్కింది. తన పక్షాన పోరాడిన పైథాన్‌ను కూడా, తిరగబడతాడన్న అనుమానంతో, తరవాత చంపించాడు. ప్యూకెస్టాస్‌ను చంపలేదు. పర్సిస్‌లో మాత్రం కథ వేరే దారి పట్టింది. అక్కడ ఆంటిగోనస్‌కు రాజుకు తగ్గ మర్యాదలు జరిగాయి, కానీ జనం ప్యూకెస్టాస్‌ను ఎంతగా అభిమానిస్తున్నారో కూడా అతను కళ్లారా చూశాడు. అది చూశాకే పదవి తీసేశాడు. పారశీకులు మండిపడ్డారు. ప్యూకెస్టాస్ తప్ప మరొకరి మాట వినేది లేదని థెస్పియోస్ అనే పెద్దమనిషి ముఖం మీదే చెప్పాడు. ఆంటిగోనస్ అతన్ని చంపించి, అస్క్లెపియొడోరోస్‌ను పర్సిస్ పాలకుడిగా పెట్టి, తగినంత సైన్యాన్ని అక్కడ ఉంచాడు. ప్యూకెస్టాస్‌కు ఇంకేవో ఆశలు చూపి దేశం దాటించాడు.

అలెగ్జాండర్ నియమించిన పరాయి క్షాత్రపుల్లో, తొలగించినప్పుడు స్థానికుడొకడు ప్రాణం పణంగా పెట్టి అడ్డుపడింది ఇతని విషయంలోనే మనకు తెలుసు. ఎనిమిదేళ్ల పాలనకు ఇంతకన్నా బలమైన సాక్ష్యం అక్కర్లేదు.

తరవాతి జీవితం

తరవాత అతను ఆంటిగోనస్ కొలువులో ఉండిపోయినట్టుంది. ఆంటిగోనస్ కొడుకు డెమెట్రియస్ తన ఆస్థానాన్ని లైసిమకస్ ఆస్థానంతో పోలుస్తూ, తన దగ్గర ప్యూకెస్టాస్, మెనెలావుస్, ఓక్సిథెమిస్ లాంటి ఘనమైన పేర్లవాళ్లున్నారని చెప్పుకున్నట్టు చరిత్రకారుడు ఫిలార్కస్ రాసిన ముచ్చటను అథెనేయస్ భద్రపరిచాడు. దీన్నిబట్టి అతను డెమెట్రియస్ పరివారంలో పేరున్నవాడిగా బతికాడని అర్థమవుతుంది. ఆసియా మైనర్‌లోని థియాంగెలా దగ్గర దొరికిన ఒక ఒప్పంద శాసనంలో ప్యూకెస్టాస్ అనే పేరుంది. అది ఇతనిదే కావచ్చని కొందరు పరిశోధకులు అంటారు.

ప్యూకెస్టాస్ ప్రతిమను సికియోన్ శిల్పి టిసిక్రటేస్ చేశాడు. క్రీ.శ. ఒకటో శతాబ్దంలో పెద్ద ప్లినీ తన ప్రకృతి చరిత్రలో శిల్పుల గురించి రాస్తూ ఆ ప్రతిమను పేర్కొన్నాడు. అందులో ప్యూకెస్టాస్ పరిచయం ఒకే మాట: అలెగ్జాండర్ ప్రాణదాత. పర్సిస్ ప్రస్తావన అక్కడ లేదు.